గూడబాతుల దగ్గరికి వెళ్ళొచ్చాం

ఒరేయ్,

ఫోన్లో చెప్తే నువ్వు "ఊఁ ఊఁ" అంటూ నీ పని నువ్వు చూసుకుంటావని ఉత్తరమే రాస్తున్నా. సంక్రాంతి సెలవుల్లో పిల్లలిద్దర్నీ నేలపట్టు పక్షుల అభయారణ్యానికి తీసుకెళ్ళొచ్చాను. అదేరా, సూళ్ళూరుపేట పోయేటప్పుడు దొరవారిసత్రం దగ్గర. చదువుకునే రోజుల్లో బస్సులోంచి బోర్డు చూడటమే తప్ప మనం ఒక్కసారీ దిగిన పాపాన పోలేదు.

మొదటి అరగంట ఘోరం. పెద్దోడు పోయినేడు బడివాళ్ళతో జూకి వెళ్ళొచ్చాడు కదా, వాడి లెక్కలో జంతువంటే బోనులో ఉండాలి, ముందు పేరు రాసుండాలి. "పులి లేదా? ఏనుగు? మరేముంది ఇక్కడ?" అని మొహం వేలాడేశాడు. తప్పు నాది కూడా. టిఫిన్లు కానిచ్చి తీరిగ్గా బయల్దేరేసరికి ఎండెక్కింది. సగం పక్షులు అప్పటికే మేతకి పోయాయి. నువ్వొస్తే మాత్రం తెల్లారేసరికి అక్కడుండాలి, ఇప్పుడే చెప్తున్నా.

చెరువులో, నీళ్ళ మధ్యలోనే కడప చెట్లు. (ఊరు కాదు, చెట్టు పేరే అది.) దూరం నుంచి చూస్తే కొమ్మల మీద మాసిన తెల్లబట్టలు ఆరేసినట్టుంది. బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకున్నాడో లేదో, "నాన్నా, బట్టలకి ముక్కులున్నాయి!" అన్నాడు పెద్దోడు. ఇక దాన్ని చెల్లెలి చేతికిస్తే ఒట్టు.

గూడబాతులు, అదే పెలికాన్లు. చిన్నప్పటినుంచీ ఆ మాట వింటున్నాం కానీ 'గూడ' ఏంటని ఎప్పుడైనా ఆలోచించామా? అక్కడి వాచర్ పెద్దాయన ముక్కు కింద వేలాడే సంచిని చూపించి, "గూడతో నీళ్ళు తోడతారే, అట్టా ఉంది కదా" అన్నాడు. మా వాళ్ళకి గూడ అంటే ఏం తెలుసు? నేనూ ఆయనా చెరోవైపు నిలబడి, లేని తాళ్ళు పట్టుకుని, లేని గూడని ఊపి, కాలవలో నీళ్ళు పొలంలోకి పోసి చూపించాం. నీళ్ళతో పాటు చేపని ఎత్తి, నీళ్ళు వంపేసి, చేపని మింగుతుందని చెప్తే పెద్దోడికి వెంటనే ఎక్కింది. వాచ్‌టవర్ మీదున్న వాళ్ళంతా మా ఇద్దర్నీ చూసి నవ్వుకున్నారు, అది వేరే సంగతి.

ఇంతలో చిన్నది గట్టిగా అరిచింది, "అమ్మ పిల్లని మింగేస్తోంది!" అని. చూస్తే నిజంగానే పిల్ల తల కనిపించట్లేదు. మెడదాకా పెద్ద పక్షి గొంతులో దూర్చేసి కుమ్మేస్తోంది. లోపల సగం అరిగిన చేపల్ని తింటోందని, తల్లీ తండ్రీ ఇద్దరూ అలా మేపుతారని ఆయన చెప్పాక గానీ దాని ఏడుపు ఆగలేదు. "మా నాన్న కూడా అన్నం పెడతాడు" అంది, అదేదో పోటీ అయినట్టు.

అసలు నీకు రాయాలనుకున్నది ఇది. ఒక చెట్టు కింద, నీళ్ళకి కాస్త పైన, కొమ్మల్లో ఒక పిల్ల ఇరుక్కుని ఉంది. గూట్లోంచి పడింది. చిన్నదే ముందు చూసింది. "వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్తుందా?" అనడిగింది. నేనైతే "వస్తుందిలే" అనేసేవాణ్ణి, నోటిదాకా వచ్చింది కూడా. పెద్దాయన మాత్రం "రాదు తల్లీ. గూట్లో ఉన్నవాటికే పెడుతుంది" అన్నాడు. మరి మీరు ఎక్కించొచ్చుగా అంటే, చెట్టు దగ్గరికి మనిషి పోతే చుట్టూ ఉన్నవన్నీ బెదిరి ఒక్కసారిగా లేస్తాయనీ, ఆ గలాటాలో గుడ్లూ ఇంకొన్ని పిల్లలూ కింద పడతాయనీ చెప్పాడు. చిన్నది చాలాసేపు రెయిలింగ్ పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది. చిప్స్ ప్యాకెట్ అడగలేదు.

రాత్రి పడుకోబోతూ వాళ్ళమ్మని అడిగిందట, "అది ఇప్పుడు కూడా అక్కడే ఉంటుందా?" అని. మీ చెల్లెలు నన్ను ఉతికి ఆరేసింది, పసిపిల్లకి ఇలాంటివి చూపించడానికా తీసుకెళ్ళావని. నేనేం మాట్లాడలేదు. కానీ చూపించినందుకు నాకు బాధ లేదురా. మనం చిన్నప్పుడు పొలాల్లో ఇలాంటివి ఎన్ని చూడలేదు? వీళ్ళకి అంతా అద్దం వెనకే కదా.

పెద్దోడి గోల వేరు. దీన్ని 1976లో అభయారణ్యంగా ప్రకటించారని చెప్తే, "పక్షులు ముందొచ్చాయా, బోర్డు ముందొచ్చిందా?" అన్నాడు. వాచర్ పడీపడీ నవ్వాడు. చెరువు కింద రైతులకి ఈ పక్షులు రావడం శుభమట. రెట్టలన్నీ నీళ్ళలో కలుస్తాయి కదా, ఆ నీళ్ళు పారితే ఎరువు తక్కువ వేసినా చాలని ఆయన అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ మా బాల్కనీలో పావురాలని తోలనివ్వట్లేదు వాడు, పూలకుండీలకి మంచిదంట. పావురాల సంగతి నీకు తెలుసుగా, నా ఖర్మ.

మధ్యాహ్నం శ్రీహరికోట రోడ్డు మీద కారాపి పులికాట్ సరస్సులో రాజహంసల్ని (ఫ్లెమింగోల్ని) కూడా చూశాం, తల తలకిందులుగా పెట్టి తింటున్నాయి. నేలపట్టు గూడబాతులు ఇక్కడిదాకా మేతకొచ్చి పోతాయంటే, "నువ్వు రోజూ రైల్లో చెన్నై పోయొచ్చినట్టే కదా నాన్నా, కాకపోతే వాటికి సీజన్ టికెట్ లేదు" అన్నాడు.

మార్చి దాటితే చాలావరకు ఖాళీ అయిపోతాయట. కాబట్టి ఫిబ్రవరిలో ఒక శనివారం చెల్లెమ్మనీ పిల్లల్నీ తీసుకుని వచ్చేయ్. చిన్నది నీకొక పని చెప్పింది. మీ తాతగారింట్లో అటక మీద పాత రేకు గూడ ఒకటి ఉండేది, గుర్తుందా? దాన్ని మామయ్య తప్పకుండా తేవాలట. తాళ్ళు లేకపోయినా ఫర్వాలేదంట, అన్నయ్యా అదీ కలిసి చున్నీలు కడతారంట.

నీ
గూడూరు రైలు బాతు