పాత ఫాంట్ల ఫైళ్లు యూనికోడ్‌లోకి రావాలంటే: ఐటీ మంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీ శాఖల మంత్రివర్యులకు నమస్కారాలు.

అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైళ్లు మన కార్యాలయాల్లో, ప్రెస్సుల్లో ఇంకా మూలుగుతున్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. ఈ-గవర్నెన్స్‌కు, ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంఖ్య ఉండే యూనికోడే ప్రమాణమని కేంద్రం 2009లోనే ప్రకటించినా, అంతకుముందు టైపు చేసినవి అలాగే ఉండిపోయాయి. వాటిని మార్చే ఓపెన్ సోర్స్ కోడ్ (ఎవరైనా చూసి, మార్చి, వాడుకోగల ప్రోగ్రాం) మీద తీరిక దొరికినప్పుడల్లా పనిచేసేవాళ్లలో నేనూ ఒకణ్ని. మాకు నిధులు అక్కర్లేదు. కోడ్‌ను పరీక్షించుకోవడానికి పాత ఫైళ్లూ, వాటికి మనిషి సరిచూసిన యూనికోడ్ పాఠాలూ (ప్రతులు) ఇప్పించండి చాలు.

‘ఆస్తి’ అనే మాటనే చూడండి. పాత ఫాంటులో ముందు ‘సి’ బొమ్మ, తర్వాత త వత్తు ఉంటాయి. యూనికోడ్‌లో స, పొల్లు, త, చివరికి గుడి రావాలి. కోడ్ ఆ గుడిని వత్తు దాటించి వెనక్కి జరపాలి. జరపకపోతే ‘ఆసి్త’ అవుతుంది. ఇలాంటి తప్పు కంటికైనా కనిపిస్తుంది. సున్న తప్పు అలా కాదు. ‘చింతలపూడి’లో ‘ం’కు బదులు తెలుగు అంకె ‘౦’ పడితే చూసేవాళ్లకు తేడా తెలియదు, ఊరు పేరుతో వెతికితే మాత్రం ఆ కాగితం ఎప్పటికీ దొరకదు.

కొన్ని ఫాంట్లలో ‘మ’ను ‘వ’ పక్కన ఇంకో ముక్క అతికించి కూర్చారు. అక్కడ ‘మ’ను సరిచేయడానికి ఎవరో నాలుగు లైన్ల సవరణ పంపుతారు. దాన్ని అసలు కోడ్‌లో కలపబోతే (మెర్జ్ చేయబోతే) చెయ్యాడదు. వేరే ఫాంటులో ‘వు’ అంతా ‘మ’ అయిపోతే? పాత ఫైలూ, దాని సరైన యూనికోడ్ పాఠమూ చేతిలో ఉంటే టెస్టు నడిపి నిమిషంలో తేల్చుకోవచ్చు. లేకపోతే మంచి సవరణ కూడా నెలల తరబడి అలాగే పడి ఉంటుంది.

పత్రికల సొంత ఫాంట్లను యూనికోడ్‌లో చదివించిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ (అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రాం) ఒకప్పుడు ఎందరికో ఆసరా. 2017లో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా ఎక్స్‌టెన్షన్లకు తలుపు మూసేసింది. కోడ్ ఇలా చోటు మారాల్సి వచ్చినప్పుడు పరీక్ష పాఠాలు ఉంటే తిరగరాయడం ఎంతో తేలిక.

అందుకే మా విన్నపం. ప్రతి శాఖా కొన్ని పాత ఫైళ్లను, మనిషి చదివి సరిచూసిన యూనికోడ్ ప్రతులతో కలిపి, స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ ఇవ్వాలి. వ్యక్తుల వివరాలున్న కాగితాలు వద్దు. మొదట గెజిట్లతో మొదలుపెడితే చాలు, అవి ఎలాగూ బహిరంగమే. సరిచూసే పని ఏళ్ల తరబడి అను కీబోర్డు మీద పనిచేసిన డీటీపీ ఆపరేటర్లకు అప్పగించండి. ఏ మీట నొక్కితే ఏ ముక్క పడుతుందో వాళ్లకు తెలిసినంతగా మాకు తెలియదు. ఆ పనికి తగిన వేతనమూ ఇవ్వండి.

ఇంకొకటి. మీ శాఖలు ఎవరికైనా ఈ మార్పిడి పని కాంట్రాక్టుకిస్తే, వాళ్లు కోడ్‌లో చేసిన సవరణలు, రాసిన టెస్టులు మూల ప్రాజెక్టుకు తిరిగి పంపాలని ఒప్పందంలోనే రాయించండి. ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలన్న కేంద్ర విధానం 2015 నుంచీ ఉంది.

ఇట్లు,
ఒక తెలుగు ఓపెన్ సోర్స్ కార్యకర్త