మంత్రి గారూ, సుగ్గికి (కోతల కూలికి వలస) పోయిన తల్లి బిడ్డకు మాటలు ఎప్పుడు నేర్పాలి?

మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వలసపోయే తల్లుల పసిబిడ్డల గురించి మేమిచ్చిన అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. చాలా సంతోషం. ఏం పరిష్కారమైందో కూడా రాసుంటే ఇంకా సంతోషించేవాళ్లం.

పసిబిడ్డల ఎదుగుదల కోసం కేంద్రం తెచ్చిన నవచేతన సంగతి తమరికి నేను చెప్పేదేముంది. పుట్టినప్పటి నుంచి మూడేళ్లు నిండేదాకా నెలనెలకూ లెక్కగట్టి 140 ఆటలు, పాటలు, పనులు. బిడ్డతో మాట్లాడండి, బొమ్మ చూపించి పేరు చెప్పండి అని. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ సంక్రాంతి పోయినాక మా కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల్లో ఒకసారి తిరగండి. ఎటు చూసినా తాళాలే. తల్లులు గుంటూరు వైపు మిరప కోతల్లో ఉంటారు. చంటిబిడ్డలుంటే వెంట తీసుకుపోతారు. అక్కడ చేని గట్టున పట్టల గుడిసె. పొద్దంతా కాయ కోసి వచ్చిన తల్లి, ఘాటు అంటిన చేతులతో బిడ్డ ముఖం తాకాలంటేనే భయపడుతుంది. ఆ చేతులతో ఏ బొమ్మ చూపించమంటారు?

కాస్త నడిచే బిడ్డలైతే అవ్వల దగ్గర మిగిలిపోతారు. నా మనవరాలూ అంతే. మూడేళ్లు నిండినా మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవ్వకు చెవులు సరిగా వినబడవు, నేను కుట్టుమిషన్ మీద నుంచి లేవను. ఏడిస్తే ఫోన్ ఇస్తాం. అది గంటలకొద్దీ వాగుతుంది గానీ బిడ్డ ఏమన్నా బదులు పలకదు కదా. పరీక్ష చేసినవాళ్లు మాట ఆలస్యమన్నారు, వారం వారం కర్నూలుకు తీసుకుపొమ్మని చీటీ రాశారు. వారం వారం! పోతే ఆ రోజు కుట్టుపని పోయినట్టే, బస్సు చార్జీలు వేరే.

అంగన్‌వాడీ టీచరమ్మను తప్పుబట్టను. సరుకులు ఇచ్చేందుకు తల్లుల ముఖం ఫోటోలు తీసి, యాప్‌లో ఎక్కించేసరికే ఆమెకు పొద్దు గూకుతుంది. ఇక ఇంటికొచ్చి అవ్వతో కూర్చునేదెప్పుడు?

వలసపోయినవాళ్ల బడి పిల్లలకు సీజనల్ హాస్టళ్లు పెడతారు. మరి పసిబిడ్డలకు? మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో రాసింది ప్రభుత్వమే కదా. మా పిల్లలకు ఆ ఆరేళ్లు రావా?

సుగ్గి నెలల్లో పసిబిడ్డలను పగలంతా చూసుకునే చోటు ఒకటి పెట్టండి. ఊళ్లోనైనా సరే, ఆ చేల దగ్గరైనా సరే. తల్లుల మీటింగుకు అవ్వాతాతలనూ పిలవండి, మేమూ నేర్చుకుంటాం. అంగన్‌వాడీ బీరువాలో పెట్టిన బొమ్మల పుస్తకాలు ఇంటికివ్వండి. చిరిగితే చిరగనీయండి. మాట నేర్పే మనిషిని నెలకొకసారైనా మా మండలానికి పంపండి. ఏదో ఒకటి చేయండి మంత్రి గారూ, దసరా దాటితే మళ్లీ బండ్లెక్కుతారు.

ఇట్లు,
కోసిగి మండలం నుంచి ఒక తాత