ఈసారి శ్యామ్‌రాక్ కిట్‌లో రంగు సీసాలు ఉండవు

డబ్లిన్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో మా కిట్లు తెప్పించుకునే అమ్మానాన్నలందరికీ,

మార్చి 17న వచ్చే ఐర్లండ్ పండగ సెయింట్ పాట్రిక్స్ డే కోసం మీరు డబ్బు కట్టిన శ్యామ్‌రాక్ (మూడు రెబ్బల ఆకు) పెయింటింగ్ కిట్లు బుధవారం పోస్టులో వేస్తున్నాను. కాగితాలు, స్పాంజ్, ఏప్రాన్ అన్నీ ఉంటాయి. రంగులు మాత్రం ఉండవు.

మూడేళ్లుగా నాకు రంగులు ఇస్తున్న హోల్‌సేల్ వ్యాపారి ఈసారి వేరే సరుకు పంపాడు. డబ్బా విప్పగానే ఘాటు వాసన గుప్పుమంది. సీసా అటూ ఇటూ తిప్పి చూశాను, ఐరోపా భద్రతా నియమాలకు సరిపోతుందని చెప్పే సీఈ గుర్తు ఎక్కడా లేదు. పిల్లల రంగులకు ఇక్కడ ఆ గుర్తు తప్పనిసరి. వేళ్లతో వేసే రంగుల్లో, పిల్లలు నోట్లో పెట్టుకున్నా మింగకుండా చేదు పదార్థం కలపాలని ఈఎన్ 71-7 అనే ఐరోపా భద్రతా ప్రమాణం కూడా ఉంది. ఫోన్ చేస్తే "రంగు అదే, లేబులే మారింది" అన్నాడు. భద్రతా పరీక్షల కాగితాలు అడిగితే పంపలేదు. నాలుగోసారి ఫోన్ చేస్తే సగం ధరకు ఇస్తానన్నాడు. నేను బేరం కోసం ఫోన్ చేస్తున్నానని అనుకున్నాడు! ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

62 కిట్లు. రెండు రాత్రులు నిద్ర లేదు. పండగ దాటితే ఈ కిట్ ఎవరికీ అక్కర్లేదు, ఆ రంగులతోనే పంపేయమని ఇంట్లోవాళ్లు అన్నారు. షాపుల్లో కొందామంటే ఒకే రకం అన్ని సీసాలు దొరకలేదు. కానీ రెండేళ్ల పిల్లలకు రంగు అంటిన వేలు కాగితం మీదకంటే ముందు నోట్లోకే వెళుతుంది. నా చేత్తో ఆ సీసా పెట్టలేకపోయాను. అన్నీ వెనక్కి పంపేశాను.

ఒక్కో కిట్‌కు 5 యూరోలు తిరిగి ఇస్తున్నాను. రంగు ఇంట్లో చేసుకోవచ్చు. నాలుగు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ కప్పు చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ ఉండండి. నూలు చీరలకు పెట్టే గంజిలా చిక్కబడ్డాక దించి, చల్లారాక ఫుడ్ కలర్ వేయండి. చేతికి రెండు రోజులు రంగు ఉంటుంది, పాత బట్టలు వేయండి. ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడేయండి.

శ్యామ్‌రాక్ ఆకు అచ్చుకు క్యాప్సికం వాడండి. కొనేటప్పుడు తిరగేసి అడుగు చూడండి, మూడు బుడిపెలు ఉన్నదే తీసుకోండి. అడ్డంగా కోసి, పళ్లెంలో పలచగా పరిచిన రంగులో అద్ది కాగితం మీద ఒత్తితే మూడు రెబ్బల ఆకు పడుతుంది. కాడ మీరు గీయండి. నాలుగు బుడిపెలది కూరలోకి. శ్యామ్‌రాక్‌కు మూడే రెబ్బలు, సెయింట్ పాట్రిక్ ఆ ఆకు చూపించే త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడు అనేది) గురించి బోధించాడని ఇక్కడ చెప్పుకుంటారు.

స్పాంజ్‌తో ఐర్లండ్ జెండా అద్దించేటప్పుడు కర్ర వైపు ఆకుపచ్చ రావాలి, మధ్యలో తెలుపు, చివర నారింజ. తిరగబడితే అది ఐవరీ కోస్ట్ జెండా. పోయినేడు నా సూచనల కాగితంలో ఇది రాయలేదు, ఈసారి బొమ్మ వేసి పెట్టాను. 1848లో వాటర్‌ఫర్డ్‌లో మొదట ఎగిరిన ఈ జెండాలో ఆకుపచ్చ క్యాథలిక్కులది, నారింజ ప్రొటెస్టెంట్లది, మధ్యలోని తెలుపు వాళ్లిద్దరి మధ్య శాంతికి గుర్తు.

కిట్ వద్దనుకుంటే మంగళవారం రాత్రిలోపు మెసేజ్ పెట్టండి, మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాను. ఆ వ్యాపారి ఉచితంగా ఇచ్చినా ఇక తీసుకోను. కొత్తవాళ్ల దగ్గర భద్రతా పరీక్షల కాగితాలు చూశాకే ఈస్టర్ కిట్‌కు ఆర్డర్లు తీసుకుంటాను.