ఊరటా షాకా అని కాదు, తీర్పులో ఏముందో చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం. 2025 జూన్ 27 రాత్రి టీవీలో స్క్రోలింగ్ వచ్చింది. జన్మతః పౌరసత్వం కేసులో ట్రంప్‌కు భారీ ఊరట అని. అమెరికాలో పుట్టినా, తల్లిదండ్రులు తాత్కాలిక వీసాల మీదో అక్రమంగానో ఉంటే ఆ బిడ్డకు పౌరసత్వం ఇవ్వొద్దని అధ్యక్షుడిగా ఆయన ఇచ్చిన ఉత్తర్వు మీద కేసు అది. తెల్లారేసరికి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో అదే వార్త ‘అమెరికాలో పుట్టినా ఇక పౌరసత్వం లేదు’ అయి కూర్చుంది. అప్పటికి డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి ఏడో నెల. తనదీ, అల్లుడిదీ ఉద్యోగం కోసమిచ్చే తాత్కాలిక హెచ్1బీ వీసాలే. గ్రీన్‌కార్డు క్యూలో వాళ్ల వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. పొద్దున్నే ఫోన్ చేసి, “నాన్నా, పురుడు పోసుకోవడానికి న్యూజెర్సీలో చిన్నమామయ్య వాళ్లింటికి వెళ్లిపోమంటావా?” అని అడిగింది.

నాకు ముందు అర్థం కాలేదు. పుట్టే బిడ్డ పౌరసత్వానికీ, ఏ రాష్ట్రంలో పుడుతుందన్నదానికీ ఏమిటి సంబంధం? ఆ రోజంతా కూర్చుని ఇంగ్లిష్‌లో దొరికినవన్నీ చదివాక తెలిసింది, పిల్ల భయం ఉత్తది కాదని. ఆ రోజు సుప్రీంకోర్టు చెప్పింది పౌరసత్వం గురించి కాదు. కింది కోర్టు జడ్జి ఒక ఉత్తర్వును ఆపితే, అది కేసు వేసినవాళ్లకే వర్తించాలా, దేశమంతటికీ వర్తించాలా అన్నదే అక్కడి ప్రశ్న. కేసు వేసినవాళ్లకు ఎంత అవసరమో అంతకు మించి ఆపకూడదని ఆరుగురు జడ్జీలు అన్నారు, ముగ్గురు కాదన్నారు. ముప్పై రోజుల దాకా ట్రంప్ ఉత్తర్వు అమలు కాకూడదన్నారు. కోర్టుకు వెళ్లిన 22 రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఉంది, మా అమ్మాయి ఉన్న టెక్సాస్ లేదు. అంటే ఒకే వీసా మీద ఉన్న ఇద్దరు తల్లుల బిడ్డల్లో ఒకరు పౌరులై, ఇంకొకరు కాకుండా పోయే ప్రమాదం నిజంగానే వచ్చింది. జులై 10న న్యూహాంప్‌షైర్‌లో ఒక జడ్జి ఇలాంటి పిల్లలందరినీ ఒకే వర్గంగా లెక్కగట్టి ఉత్తర్వును మళ్లీ ఆపేవరకూ మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. విచిత్రమేమిటంటే, ఆ దారిని మూయకుండా ఉంచింది కూడా జూన్ 27 నాటి తీర్పే. ఉత్తర్వు రాజ్యాంగానికి లోబడి ఉందా లేదా అన్న అసలు ప్రశ్నను వినడానికి సుప్రీంకోర్టు ఆ డిసెంబరు 5న గానీ ఒప్పుకోలేదు.

ఈ మధ్యలో మన తెలుగు శీర్షికలు చూడండి. ఊరట, ఎదురుదెబ్బ, షాక్, మళ్లీ ఊరట. క్రికెట్ స్కోరు చెప్పినట్టు. గెలిచిందెవరో తెలుస్తుంది, తేలిందేమిటో తెలియదు. 2025 జనవరి 20 నాటి ఆ ఉత్తర్వు ముప్పై రోజుల తర్వాత పుట్టే పిల్లలకే వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది. అయినా మూడేళ్ల పిల్లాడు ఉన్న మా బంధువు ఒకాయన, వాడి పాస్‌పోర్టు లాగేసుకుంటారేమోనని టెన్షన్ పడ్డాడు. ఫిబ్రవరి 20 లోపే సిజేరియన్ చేయమని మనవాళ్లు డాక్టర్లను అడుగుతున్నారని ఆ రోజుల్లో వార్తలొచ్చాయి. బిడ్డ పౌరుడైతే చాలు, తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు వచ్చేస్తుందని నమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ బిడ్డకు 21 ఏళ్లు నిండితే తప్ప అమ్మానాన్నల కోసం దరఖాస్తే పెట్టలేడు.

ట్రంప్ ప్రభుత్వ వాదన అర్థం లేనిదని నేను అనను. 14వ సవరణ ‘అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధికి లోబడిన వాళ్లందరూ’ పౌరులే అంటుంది. ఆ రెండో మాట మీదే గొడవంతా. విదేశీ రాయబారుల పిల్లలు దాని కిందికి రారని అందరూ ఒప్పుకుంటారు. 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసు గెలిచినప్పుడు, శాన్ ఫ్రాన్సిస్కోలో అతను పుట్టేనాటికి అతని చైనా తల్లిదండ్రులు అక్కడ స్థిరపడి ఉన్నారు కదా, తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లకూ అదే ఎలా వర్తిస్తుందని ప్రభుత్వం అడుగుతోంది. అడగనివ్వండి. కానీ బానిసగా ఉన్న నల్లవాళ్లూ, వాళ్ల సంతానమూ పౌరులు కాలేరన్న 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పును పాతిపెట్టడానికి 1868లో తెచ్చుకున్న వాక్యం అది. దాన్ని మార్చాలంటే అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ రెండు సభల్లో మూడింట రెండొంతుల మద్దతు కావాలి, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. అధ్యక్షుడి సంతకం ఆ లెక్కలోకే రాదు.

ఇంతకీ మన దేశం సంగతి మనకెంత తెలుసు? పార్కులో రోజూ కలిసే స్నేహితులు, “మన దగ్గర ఇలాంటి గొడవల్లేవండీ, ఇక్కడ పుట్టినవాడు ఇక్కడివాడే” అన్నారు. అది 1987 జులై 1కి ముందు పుట్టినవాళ్ల మాట. ఆ తేదీ నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవాళ్లకైతే ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. అమెరికాలో 38 రాష్ట్రాలు ఒప్పుకుంటే గానీ జరగని మార్పు ఇక్కడ పార్లమెంటులో మామూలు మెజారిటీతో రెండుసార్లు జరిగిపోయింది. మన రాజ్యాంగం 11వ అధికరణంలో ఆ పనిని పార్లమెంటుకే వదిలేసింది మరి. అది మంచో చెడో వేరే చర్చ.

స్నేహితులను తప్పుపట్టే అర్హత నాకూ లేదు. 1983 నుంచి సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి. 1987లో చట్టం మారిన తర్వాత కూడా చాలా ఏళ్లు పాత పాఠమే చెప్పాను. ‘భారతదేశంలో జన్మించిన వారందరూ భారత పౌరులు’ అని పిల్లల చేత చదివించి, సరిగ్గా రాసినవాళ్లకు రెండు మార్కులూ వేశాను.

సెప్టెంబరులో డాలస్‌లోనే మనవరాలు పుట్టింది. అందరూ క్షేమం. “రెండు దేశాల పౌరురాలన్నమాట!” అని వచ్చినవాళ్లందరూ అంటున్నారు. కాదు, మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న పిల్లకు మనం ఇచ్చేది ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. దాంతో వీసా లేకుండా తాతయ్య ఇంటికి రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఓటు వేయడానికి వీల్లేదు, మా ఊళ్లో ఎకరం పొలం కొనడానికీ వీల్లేదు.

అందుకే నా విన్నపం. కోర్టు వార్త వేసినప్పుడు పక్కనే నాలుగు లైన్ల చిన్న బాక్సు కట్టండి. కోర్టు ముందున్న ప్రశ్న ఏమిటి, ఏది తేలింది, ఏది తేలలేదు, ఎవరికి ఎప్పటి నుంచి వర్తిస్తుంది. మధ్యంతర ఉత్తర్వును ‘తీర్పు’ అని రాయకండి. ఇంజంక్షన్‌కూ స్టేకీ తేడా మీ డెస్కులో తెలిసినవాళ్లు ఉండే ఉంటారు, వాళ్ల చేత ఒక్క ఆదివారం రాయించండి. శీర్షికలో ‘ఊరట’ అని పెట్టక తప్పకపోతే, దేని విషయంలో ఊరటో కూడా అదే లైన్లో చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు,
తెనాలి