బహిరంగ లేఖ: మా మిలిటరీ పెద్దల గొంతులు మాకు వెనక్కి ఇప్పించండి

సైనిక సంక్షేమ వ్యవహారాలు చూస్తున్న గౌరవనీయ మంత్రివర్యులకు,

నమస్కారాలు.

మాజీ సైనికుల యుద్ధ జ్ఞాపకాలను వీడియో తీసి భద్రపరుస్తామన్న కార్యక్రమం సంగతి మీకు తెలిసిందే. అది ఎందుకు పెట్టారో, ఎలా పెట్టారో మళ్లీ చెప్పి మీ సమయం తీసుకోను. మా గిద్దలూరు వైపు అది ఎలా జరిగిందో, తర్వాత ఏమైందో మాత్రం మీదాకా వచ్చి ఉండదు. ఆ వీడియోలు మాకు ఇప్పించమని సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీలు ఇచ్చాం. రిజిస్టర్ పోస్టులో పంపాం. ఊరికి వచ్చిన పెద్దలందరి చేతుల్లో కాగితాలు పెట్టాం. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే నలుగురూ చదివేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట, కంభం చుట్టుపక్కల మిలిటరీకి పోయినవాళ్లు లేని ఊరు వెతుక్కోవాలి. వానను నమ్ముకున్న మెట్ట చేలు, నల్లమల అంచున రాళ్ల నేల. పిల్లాడు కాస్త ఒడ్డూపొడుగూ ఎదిగితే చాలు, రిక్రూట్‌మెంట్ ర్యాలీకి పరుగు ప్రాక్టీసు మొదలుపెడతాడు. మా నాయన అలాగే పోయాడు. మద్రాస్ శాపర్స్‌లో, అంటే సైన్యానికి దారులు వేసే, మందుపాతరలు తీసే ఇంజనీర్ల దళంలో చేరి, బెంగళూరులో ట్రైనింగ్ అయి, 1971 యుద్ధం చూసి వచ్చాడు.

వీడియో తీసే రోజు పెద్దవాళ్లను ఉదయం తొమ్మిదికల్లా హాలుకు రమ్మన్నారు. వాళ్లు మిలిటరీ మనుషులు కదా, ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చున్నారు. ఇస్త్రీ చేసిన కోట్లు, నెత్తిన టోపీలు, ఛాతీ మీద మెడల్స్. కొందరు మెడల్స్‌ను ముందురోజు చింతపండుతో తోమి మెరిపించుకున్నారు. కెమెరా వాళ్లు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. షుగరు మాత్ర వేసుకుని అన్నం తినకుండా కూర్చున్న మనిషి ఒకాయన కళ్లు తిరిగి ఒరిగిపోతే మజ్జిగ తాగించి మళ్లీ కూర్చోబెట్టాం. ఇంటికి పొమ్మంటే పోలేదు. తన వంతు వచ్చేదాకా కదలనన్నాడు.

వంతు వచ్చాక అడిగినవి ఏమిటో తెలుసా సార్? పేరు, ర్యాంకు, నంబరు, ఏ యుద్ధం. "దేశం గురించి ఒక మాట చెప్పండి." "ఇప్పుడు జై హింద్ అనండి." అంతే, తర్వాతి ఆయన రావాలి. యాభై ఏళ్లుగా కడుపులో పెట్టుకున్నదంతా చెప్పడానికి మనిషికి అయిదు నిమిషాలు.

మా నాయన మాత్రం లేవలేదు. కెమెరా పట్టుకున్న కుర్రాడు వినడానికి ఇష్టపడ్డాడు. పక్కన ఉన్నాయన టైమైంది టైమైంది అంటున్నా ఆ పిల్లాడు ఆపకుండా తీశాడు. అతని మీద నాకు కోపం లేదు, అతను ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఆ రోజు మా నాయన చెప్పింది నేను పక్కనే నిలబడి విన్నాను. 1971 డిసెంబరు 15 రాత్రి, పాకిస్తాన్ సరిహద్దు దగ్గర శకర్‌గఢ్ సెక్టారులో బసంతర్ వాగు ఒడ్డు. "బోర్లా పండుకోని ప్రాడర్‌ను, అంటే మందుపాతరలు ఎతికే చువ్వను, ఏటవాలుగా గుచ్చాల. నిలువుగా గుచ్చితే ఆడికే సరి. చలికి చేతి ఏళ్లు మొద్దుబారిపోతే చంకలో పెట్టుకోని ఏడి చేసుకోని మళ్లా గుచ్చేటోళ్లం. తగిలింది రాయో, మందుపాతరో చెయ్యే చెప్పాల. దొరికినకాడికి తీసి, దారికి రెండు పక్కలా తెల్ల టేపు పరుచుకుంటా పోయినాం. ఎనక ట్యాంకులు ఇంజన్లు ఆపకుండా నిలబడుండాయి. మా పని సగం కూడా అయిందో లేదో, ఆగలేక ఆ సగం దారిలోనే వచ్చేసినాయి." ఇక్కడ మా నాయన కాసేపు మాట్లాడలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది. తర్వాత, తన పక్కన పనిచేసిన ఒకతని పేరు చెప్పాడు. ఆ పేరు మా ఇంట్లో మేమెవరమూ అంతకుముందు వినలేదు.

ఆ మర్నాడే అక్కడ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ 21 ఏళ్ల వయసులో తన ట్యాంకులో ప్రాణం విడిచి పరమవీర చక్ర అందుకున్నారు. ఆయన కథ దేశమంతటికీ తెలుసు, తెలియాలి కూడా. ఆ ట్యాంకులకు దారి చేసిన చేతుల్లో మా కొమరోలు వైపు చేతులు కూడా ఉన్నాయని మా మనవళ్లకు చెప్పాలంటే ఆ వీడియో తప్ప మాకు ఇంకేముంది?

ఆ వీడియోనే పోయిందంటున్నారు.

మొదట ఆఫీసుకు వెళ్లినప్పుడు, ఎడిటింగ్ జరుగుతోంది, అందరికీ సీడీలు ఇస్తాం అన్నారు. తర్వాత వెళ్తే ఆ పని చేసిన ఏజెన్సీ కాంట్రాక్టు అయిపోయింది అన్నారు. మరోసారి ఫైలు పై ఆఫీసుకు పోయింది అన్నారు. పై ఆఫీసుకు పోతే ఇక్కడికి రాలేదన్నారు. చివరికి అక్కడి ఉద్యోగి ఒకరు జాలిపడి అసలు సంగతి చెప్పారు. హార్డ్ డిస్క్ ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదట. మెమరీ కార్డులు చెరిపేసి వేరే ఫంక్షన్లకు వాడి ఉండవచ్చట. నేను అక్కడే బల్ల పట్టుకుని నిలబడిపోయాను. అప్పుడు ఇంకొకాయన, "మీరే ఫోనులో తీసుకుని ఉండాల్సింది కదమ్మా" అన్నారు. సౌండు రికార్డు చెడిపోతుందని ఆ రోజు మా అందరి ఫోన్లూ ఆఫ్ చేయించింది మీ మనుషులే సార్.

పోయింది వీడియో ఒక్కటే కాదు. స్కాన్ చేసి వారంలో ఇచ్చేస్తామని పాత ఫొటోలు, ఉత్తరాలు తీసుకున్నారు. జిరాక్సులు ఇస్తామంటే ఒప్పుకోలేదు, ఒరిజినల్సే కావాలన్నారు. మా అమ్మ ట్రంకుపెట్టె అడుగున, పెళ్లిచీర మడతల్లో దాచుకున్న ఇన్‌లాండ్ లెటర్లు అన్నీ అలా ఇచ్చేసింది. 56 ఏపీఓ, అంటే సైన్యం పోస్టాఫీసు ముద్ర ఉన్న ఉత్తరాలు. మిలిటరీ వాళ్ల ఇళ్లలో ఆ ముద్ర చూస్తే చాలు, లోపల ఏముందో చదవకముందే ఊపిరి పీల్చుకునేవాళ్లు. మనిషి బతికి ఉన్నాడని అర్థం. తీసుకున్నందుకు రసీదు అడిగితే తెల్ల కాగితం మీద 'ఉత్తరాలు, ఒక కట్ట' అని రాసిచ్చారు. ముద్ర లేదు, సంతకం కింద పేరు లేదు. ఆ కాగితం చూపిస్తే ఇప్పుడు ఇది మా రసీదు కాదంటున్నారు.

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు ఆమె కూడా మంచి చీర కట్టుకుని వచ్చింది, తననూ ఏదైనా అడుగుతారేమోనని. మా నాయన కుర్చీ వెనక నిలబడితే, "అమ్మా, ఫ్రేములోకి వస్తున్నారు, పక్కకు జరగండి" అన్నారు. ఆమె పక్కకు జరిగింది. 1971లో ఆమెకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఉత్తరాలు ఆగిపోయిన ఆ వారాల్లో పంచాయతీ ఆఫీసు రేడియో దగ్గర మగవాళ్ల వెనక నిలబడి వార్తలు వినేది. వార్తల్లో ఊళ్ల పేర్లు వచ్చేవి, మనుషుల పేర్లు వచ్చేవి కావు. పోస్టుమ్యాన్ సైకిలు బెల్లు వినపడితే గుమ్మం దగ్గరికి పోకుండా పెరట్లోకి పోయి కూర్చునేది. తంతి తెచ్చాడేమోనని భయం. పక్క వీధిలో ఒకామెకు అలాగే వచ్చింది. ఆ తంతి చదివిపెట్టమని ఆమె మా తాత దగ్గరికే తెచ్చింది. మా తాత చదవలేక కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాడట. ఇదంతా యుద్ధం కాదా సార్? సరిహద్దులో ఉన్నవాళ్లకేనా యుద్ధం?

మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవాడు. 1987లో శాంతి పరిరక్షక దళంతో శ్రీలంక పోయాడు. మద్రాస్ రెజిమెంటులో పనిచేసినందున తమిళం బాగా వచ్చు. జాఫ్నాలో ఇళ్లు సోదా చేసేటప్పుడు అక్కడి ఆడవాళ్లు ఏడుస్తూ తిట్టే తిట్లు తన పక్కన ఉన్న ఉత్తరాది జవాన్లకు అర్థమయ్యేవి కావు, తనకు మాత్రం ప్రతి మాటా అర్థమయ్యేదని చెప్పేవాడు. "వాళ్లు అదృష్టవంతులు" అనేవాడు. 1990 మార్చిలో వెనక్కి వచ్చినప్పుడు తమను సరిగా పలకరించినవాళ్లు కూడా లేరని బాధపడేవాడు. కెమెరా ముందు ఆయన చేత కూడా జై హింద్ అనిపించి పంపేశారు. అయినా ఆ అయిదు నిమిషాల్లోనే ఏదో చెప్పాడు. ఆయన పోయాడు. ఆయన భార్య ఇప్పుడు కనపడినప్పుడల్లా, "ఆ కెమెరాలో మా ఆయన గొంతు ఉందంట కదమ్మా, ఒక్కసారి ఇనిపియ్యవా" అంటుంది. ఆమెకు ఏం చెప్పాలో మీరే చెప్పండి.

ఆ రోజు కూర్చున్నవాళ్లలో ఇంకొందరు కూడా లేరు. మా నాయన ఉన్నాడు. కానీ మతిమరుపు మొదలైంది. పోయిన దసరాకు ఆ పక్కనతని పేరు అడిగితే గుర్తుకు రాలేదు. కాసేపు వెతుక్కుని ఏడ్చాడు. 1971లో ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇప్పుడు డెబ్బై అయిదు. 1962లో చైనా యుద్ధం చూసినవాళ్లు ఎనభై దాటారు, వాళ్లు ఎందరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. ఇది వాయిదా వేసే పని కాదు.

ఢిల్లీలో 2019లో జాతీయ యుద్ధ స్మారకం కట్టారు, 25 వేలకు పైగా అమరుల పేర్లు చెక్కారు. సంతోషం. 2023లో 'మేరీ మాటీ మేరా దేశ్' అని ఊరూరా శిలాఫలకాలు పెట్టారు. మా వైపు కూడా పెట్టారు, మేమే దండలు వేశాం. రాయి మీద పేరు ఉంటుంది. ఆ పేరుగల మనిషి చలికి వేళ్లు ఎక్కడ దాచుకున్నాడో రాయి మీద ఉండదు. 2021 జూన్‌లో రక్షణ శాఖ, యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బయటపెట్టాలనీ, యుద్ధ చరిత్రలను అయిదేళ్లలో రాయించాలనీ విధానం తెచ్చింది. అందులో రెజిమెంట్ల కథ వస్తుంది, ఆఫీసర్ల నివేదికలు వస్తాయి. కొమరోలు శాపరు మాట అందులోకి ఎవరు చేరుస్తారు? లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం 1972 నుంచే సిపాయిల గొంతులు, మామూలు జనం గొంతులు రికార్డు చేసి పెడుతోంది. అమెరికాలో 2000లో చట్టమే చేసి, మాజీ సైనికుల జ్ఞాపకాలు వాళ్ల జాతీయ గ్రంథాలయంలో దాస్తున్నారు. మనకు అంత పెద్ద భవనాలు అక్కర్లేదు. ఒక మంచి మైకు, కూర్చుని వినే ఒక మనిషి, చెరిగిపోకుండా రెండు మూడు చోట్ల దాచే బాధ్యత ఉంటే చాలు.

మిలిటరీకి పోనివాళ్లకు కూడా యుద్ధ జ్ఞాపకాలు ఉన్నాయి. దొనకొండలో బ్రిటిష్ వాళ్ల కాలం నాటి విమానాశ్రయం ఉంది. అక్కడ పరిశ్రమల కోసం ఎన్నో సర్వేలు జరిగాయి, ఆ రోజుల్లో అక్కడ కూలికి పోయినవాళ్ల ఇళ్లలో ఏం చెప్పుకునేవాళ్లో ఎవరూ అడగలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు బయల్దేరారు. ఆ రైళ్లను నెల్లూరు, గూడూరు స్టేషన్లలో చూసిన పిల్లలు ఎవరైనా మిగిలి ఉంటే తొంభైకి అటూ ఇటూగా ఉంటారు. 1962లో జాతీయ రక్షణ నిధికి చేతి గాజులు తీసిచ్చిన తల్లులు ఉన్నారు. వాళ్లందరినీ ఎప్పుడు అడుగుతారు?

ప్రతి నవంబరులో మా నాయన బతికే ఉన్నాడని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. వేలిముద్ర పడకపోతే కళ్లు స్కాన్ చేయించి మరీ ఇస్తున్నాం. బతికి ఉన్నాడా అని ఇంత శ్రద్ధగా అడిగే ప్రభుత్వం, ఏం చూసి బతికాడో కూడా అంతే శ్రద్ధగా అడగాలని కోరడం తప్పా?

సార్, మా కోరిక ముందుగా ఒక్కటే. ఆ హార్డ్ డిస్క్ వెతికించండి. ఆ ఏజెన్సీ ఎవరో, బిల్లు ఎవరు పాస్ చేశారో, వీడియోలు అందాయని ఎవరు సంతకం పెట్టారో మీరు గట్టిగా అడిగితే ఒక్క పూటలో తేలుతుంది. ఏ రూపంలో ఉన్నా ఫర్వాలేదు, ఎడిటింగ్ అక్కర్లేదు, సంగీతం అక్కర్లేదు, మీ ఫొటో ముందు పెట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు. మా ఉత్తరాల కట్ట మాకు ఇప్పించండి. నిజంగానే చెరిపేసి ఉంటే ఆ మాట కాగితం మీద రాసివ్వండి. పై ఆఫీసు, కింద ఆఫీసు అని ఇంక తిప్పవద్దు.

ఇంకా బతికి ఉన్నవాళ్ల దగ్గరకు మళ్లీ మనిషిని పంపండి. ఈసారి హాలుకు పిలిపించవద్దు, వాళ్ల ఇళ్లకే రమ్మనండి. మంచం మీద కూర్చుని, వాళ్ల యాసలో, అలసిపోయేదాకా చెప్పనివ్వండి. ఆగినప్పుడు తొందరపెట్టవద్దు. భార్యలను కూడా కూర్చోబెట్టి అడగండి. తీసిన రోజే ఒక కాపీ ఆ ఇంట్లో ఇచ్చి వెళ్లమనండి. గిద్దలూరు డిగ్రీ పిల్లలకు కాస్త నేర్పిస్తే ఈ పని వాళ్లే చేస్తారు, వాళ్లందరి ఇళ్లలో ఒక మిలిటరీ తాత ఉన్నాడు. ఆ పిల్లల చేతికి కెమెరా ఇవ్వడానికి కూడా మీ అనుమతి కావాలంటున్నారు, ఆ అనుమతైనా ఇవ్వండి.

మా వీధి చివరి ఆమె కోసం నేను పెన్‌డ్రైవ్ కొని పెట్టాను. ఆమె భర్త మాట్లాడిన ఆ అయిదు నిమిషాలు ముందుగా దొరికితే, మిగతా వాటి కోసం ఆగకుండా అది పంపించండి. ఏ ఆఫీసుకు రమ్మంటే ఆ ఆఫీసుకు నేనే వచ్చి తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక మాజీ శాపరు కూతురు,
గిద్దలూరు ప్రాంతం, పశ్చిమ ప్రకాశం