మీ మరకల స్ప్రేతో మా టేకు టేబుల్ పాలిష్ ఊడిపోయింది, డబ్బులు ఇప్పించండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్తే అండి. చెక్క సామాను మీద మరకలు పోతాయని మీ స్ప్రే, 500 ఎంఎల్ బాటిల్, 349 రూపాయలు పెట్టి పోయిన నెల ఆన్‌లైన్‌లో కొన్నాను. ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశా, ప్రతిసారీ ఎవరో కొత్తవాళ్లు ఎత్తడం, నేను కథంతా మొదట్నుంచి చెప్పడం, ఆఖర్న "నోట్ చేసుకున్నాం సార్" అనడం. అందుకే రాసి పంపుతున్నా.

మాది టేకు డైనింగ్ టేబుల్, 1998లో రాజమండ్రిలో మా నాన్న దగ్గరుండి చేయించింది, స్పిరిట్ పాలిష్. వేడి పప్పు గిన్నె కింద ఏమీ వేయకుండా పెట్టేస్తే తెల్లగా రింగు పడింది, దాని పక్కనే పులిహోర పసుపు మరక. తప్పు మాదే, కాదనను. కానీ మీ బాటిల్ మీద "అన్ని రకాల చెక్కకీ సేఫ్" అని ఇంతింత అక్షరాలు. కొట్టి 5 నిమిషాలు ఆగి తుడవమన్నారు, అలాగే చేశా, గుడ్డకి గోధుమ రంగు జిగురు అంటుకొచ్చింది, టేబుల్ మధ్యలో కంచమంత మేర పాలిష్ లేచిపోయి ఉత్త చెక్క బయటపడింది.

ఫోన్ చేస్తే మీవాళ్లు చాకలి సోడా నీళ్లతో తుడవమన్నారు. తుడిచా. పసుపు మరక కాస్తా ఎర్రబడింది! మా అమ్మ చూసి "టేబుల్‌కి పారాణి పెట్టావేంట్రా" అంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అవుతుందని మా ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలుసు, సోడా పడినా అంతే, మరకలు తీసే కంపెనీకి తెలీదా అండి?

పాలిష్ మేస్త్రిని పిలిస్తే చూసి నవ్వాడు. స్పిరిట్ పాలిష్ అంటేనే లక్కని స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పూత మీద పూత వేసేది, దాని మీద మళ్లీ స్పిరిట్ పడితే కరగక ఏం చేస్తుంది అన్నాడు. మీ బాటిల్ వెనక చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో ఆల్కహాల్ అని ఉంది. పైగా ఆ తెల్ల రింగు అసలు చెక్కలోకి దిగనే లేదట, పాలిష్ పొరలో చిక్కుకున్న తేమట, పైన పొడి గుడ్డ వేసి తక్కువ వేడి మీద ఇస్త్రీపెట్టె అలా ఆనించి తీస్తుంటే చాలావరకు పోయేదట. పసుపు కూడా కిటికీ ఎండకి మెల్లగా వెలిసిపోయేదే.

మూడో కాల్‌లో ఒకాయన "టేబుల్ పాతది కదా సార్" అన్నాడు. పాతదే, మా వైపు పాత ఇళ్లలో తలుపులు, బీరువాలు చాలావాటికి ఇదే పాలిష్, మరి మీరు అమ్మేది ఎవరికి?

టేబుల్ పైభాగమంతా గీకి మళ్లీ పాలిష్ వేయడానికి మేస్త్రి 4,500 అడిగాడు. అదీ, బాటిల్ డబ్బులు 349 కూడా ఇవ్వండి. ఇంకో బాటిల్ ఫ్రీగా పంపుతాం అన్నారు, దానికో దండం. లేబుల్ మీద ముందువైపే, తెలుగులో కూడా, స్పిరిట్ పాలిష్ మీద వాడొద్దు, ముందు కనపడని మూల చిన్న చుక్క వేసి చూడండి అని రాయించండి.

15 రోజులు చూస్తా. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తా, 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు.

బిల్లు, ఫొటోలు జత చేశా. బాటిల్‌లో సగం ఇంకా అలాగే ఉంది, టెస్ట్ చేసుకుంటామంటే మనిషిని పంపండి, ఇస్తా.

ఇట్లు,
మీ కస్టమర్