ఆ తాయెత్తు కీచైన్ కాదండీ

సంపాదకులు గారికి, నమస్కారం.

జపాన్ వెళ్ళేవాళ్ళు అక్కడి గుళ్ళ దగ్గర సంతల్లో ఏమేం కొనుక్కోవచ్చో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఫోటోలు బాగున్నాయి. ఒక ఫోటోలో రంగురంగుల చిన్న పట్టు సంచులు వేలాడుతున్నాయి. బంధువులకు పంచడానికి తేలికగా, చవకగా దొరికే కీచైన్లని దాని కింద రాశారు. అవి కీచైన్లు కావు, గుళ్ళలో ఇచ్చే తాయెత్తులు. అది చదివి కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఏడాది కింద నేనూ అచ్చంగా అలాగే అనుకుని తెచ్చి పంచాను. ఆ పొరపాటు దిద్దుకోవడానికి ఈ డిసెంబరంతా ఊళ్ళో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతున్నాను.

నేను టెలిఫోన్స్‌లో పని చేసి రిటైరయ్యాను. మా అబ్బాయికి ఒసాకాలో ఉద్యోగం. 2024 నవంబర్లో వాళ్ళ దగ్గర నెల రోజులున్నాను. అక్కడి నుంచి క్యోటో రైల్లో అరగంట. వెళ్ళిన మర్నాడే కోడలు క్యాలెండర్ తీసుకొచ్చి, "అత్తయ్యా, మాల్స్ ఎప్పుడైనా చూడొచ్చు. 21న తోజీ గుడి సంత, 25న కితానో గుడి సంత. ఈ రెండూ తప్పితే మళ్ళీ నెల దాకా ఉండవు" అంది. మీ వ్యాసంలో ఈ తేదీల మాటే లేదు. టికెట్లు కొనేముందు చూసుకోవలసింది ముందు ఇదే.

తోజీ 796లో మొదలైన బౌద్ధాలయం. 823లో చక్రవర్తి దాన్ని కూకాయ్ అనే సన్న్యాసికి అప్పగించాడు. జనం ఆయన్ని కోబో దైషి అంటారు. ఆయన 835లో మూడో నెల 21న కన్నుమూశాడు. అందుకని ప్రతి నెలా 21న గుడి ఆవరణలో సంత జరుగుతుంది. ఆ సంతనే 'కోబో-సాన్' అని పిలుస్తారు, అంటే 'కోబో గారు' అన్నమాట. మన పెద్దవాళ్ళు జాతరను అమ్మవారి పేరుతోనే చెప్పుకున్నట్టు. నేను వెళ్ళిన 21 గురువారం పడింది. గేటు దాటగానే నాకు మన పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజారే గుర్తొచ్చింది. పాత తాళాలు, రంపాలు, గడియారాలు, పగిలి అతికించిన పింగాణీ గిన్నెలు, ఎండు చేపలు, ఊరగాయలు, మొక్కలు, కాల్చిన చెస్ట్‌నట్లు. వీటన్నిటి వెనక 55 మీటర్ల అయిదంతస్తుల చెక్క గోపురం. జపాన్‌లో అంత ఎత్తయిన పాతకాలపు చెక్క గోపురం ఇంకొకటి లేదట.

ఆడవాళ్ళకు చెప్పవలసిన సంగతి ఒకటుంది. కిమోనో నడుముకు చుట్టే ఒబి అనే పట్టు పట్టీలు అక్కడ కుప్పలుగా పోసి అమ్ముతారు. నాలుగు మీటర్లకు పైన పొడవు, జానెడున్నర వెడల్పు, అంతా నేతపని. వాడినవే కానీ గట్టి సరుకు. వెయ్యి యెన్‌ల చొప్పున మూడు తీసుకున్నాను. కోఠీలో అలవాటైన నోరు కదా, మూడూ కలిపి రెండు వేలకు ఇమ్మని వేళ్ళు చూపించాను. ఆ అంగడి ముసలావిడ నవ్వి, ధర తగ్గించకుండా, చాప్‌స్టిక్స్ ఆనించి పెట్టుకునే పింగాణీ చేప ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. కొసరన్నమాట. ఆ పట్టీలే ఈ దసరాకు మా ఇంట్లో బొమ్మల కొలువు మెట్ల మీద పరిచాను. వచ్చినవాళ్ళలో సగం మంది గద్వాల అనుకున్నారు.

టికెట్ తీసుకుని గుడి లోపలికి కూడా వెళ్ళండి. ఉపన్యాస మందిరంలో 21 విగ్రహాలుంటాయి. అందులో నాలుగు హంసల మీద కూర్చున్న బ్రహ్మ, ఏనుగెక్కిన ఇంద్రుడు ఉన్నారు. అంత దూరం పోయి మన ఇంద్రుణ్ణి చూశాక, బయట ఏం కొనాలన్న తొందర నాకు కాసేపు తగ్గింది. కాసేపే లెండి.

25న కితానో తెన్‌మాంగూకు వెళ్ళాం. అది షింటో కోవెల. షింటో అంటే జపాన్ వాళ్ళ పాత సొంత మతం. అక్కడి దేవుడు ఒకప్పుడు మనిషే. పేరు సుగవారా నో మిచిజానే. 845లో పుట్టాడు, గొప్ప పండితుడై మంత్రి అయ్యాడు. గిట్టనివాళ్ళు చాడీలు చెప్పడంతో రాజు ఆయన్ని దూర ప్రాంతానికి పంపేశాడు. 903లో అక్కడే పోయాడు. ఆ తర్వాత రాజధానిలో పిడుగులు పడి, పెద్ద పెద్దవాళ్ళు చనిపోతూ ఉంటే, ఇదంతా ఆయన ఉసురేనని భయపడి కోవెల కట్టారు. ఇప్పుడాయన చదువుల దేవుడు. పుట్టిందీ పోయిందీ 25వ తేదీల్లోనే కాబట్టి ప్రతి నెలా 25న సంత. ఆవరణలో పడుకున్న ఎద్దు విగ్రహాలుంటాయి. పిల్లలు వాటి తల నిమిరి తమ తల నిమురుకుంటారు. మన ఎంసెట్ పిల్లలకు తెలిస్తే ఆ ఎద్దు తలలు అరిగిపోతాయి.

ఆ రెండు చోట్లా కలిపి నేను 14 తాయెత్తులు తీసుకున్నాను. ఒమామోరి అంటారు. తోజీలో ఆరు, కితానోలో ఎనిమిది. అన్నిటికీ ఆరున్నర వేల రూపాయల దాకా అయ్యాయి. కితానోలో తెల్ల జాకెట్టు, ఎర్ర లంగా లాంటిది కట్టుకున్న అమ్మాయి ఒక్కోదాన్ని ఒక్కో తెల్ల కాగితపు కవర్లో పెట్టి, రెండు చేతులతో ఇచ్చింది. నేను వెనక ఉన్న లైను కూడా చూడకుండా, పేరంటానికి జాకెట్టు ముక్కలు లెక్కపెట్టినట్టు, ఇది పెద్దోడికి, ఇది చిన్నదానికి అని లెక్కపెడుతున్నాను. "అత్తయ్యా, వీటిని కొన్నామని అనరు ఇక్కడ, స్వీకరించాం అంటారు" అని కోడలు మెల్లగా చెప్పింది. నేను విన్నాను కానీ చెవిన వేసుకోలేదు.

ఇంటికొచ్చి పంచేశాను. కవర్లు తీసేసి మరీ పంచాను, బరువు తగ్గుతుందని!

ఈ నెల మొదట్లో అబ్బాయి సెలవు మీద వచ్చాడు. మాటల్లో, "అమ్మా, ఆ ఒమామోరిలకు ఏడాదైంది కదా, ఇస్తే తిరుగు ప్రయాణంలో తీసుకెళ్తాను" అన్నాడు. నాకేం అర్థం కాలేదు. అప్పుడు వివరంగా చెప్పాడు. ఆ సంచి విప్పకూడదు. లోపల ప్రార్థన రాసిన కాగితమో చెక్క ముక్కో ఉంటుంది. ఏడాది దగ్గర పెట్టుకుని, తీసుకున్న చోటికి తిరిగి ఇచ్చి దండం పెట్టుకుంటారు. అలా వచ్చినవన్నీ పోగు చేసి పూజ చేసి కాలుస్తారు. బౌద్ధాలయానివి బౌద్ధాలయానికి, షింటో కోవెలవి కోవెలకు, కలపకూడదు. ఇది చట్టమేం కాదు, ఇవ్వకపోతే ఎవరూ ఏమీ అనరు, అక్కడా చాలామంది ఏళ్ళ తరబడి ఉంచుకుంటారట. అయినా తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు.

అలా మొదలైంది నా వసూళ్ళ యాత్ర. మొదటిరోజు ఎంజీబీఎస్‌లో మెట్రో మారి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపడుచు ఇంటికి వెళ్ళాను. ఆమె చూపుడు వేలంత చెక్క ముక్క, ఖాళీ సంచి విడివిడిగా తెచ్చి, "వదినా, సెంటు సంచి అనుకుని విప్పాను, వాసనేం రాలేదు" అంది. ఆమెననేదేముంది, నేను చెబితే కదా! కూకట్‌పల్లిలో మేనకోడలి ఇంట్లో అది జీన్స్ జేబులో వాషింగ్ మెషీన్‌లో రెండుసార్లు తిరిగిందట. ఒకటి స్కూలు బ్యాగుతో సహా బస్సులో పోయింది. ప్రయాణాల్లో క్షేమం కోసం తోజీలో తీసుకున్నదొకటి ఎదురింటి కుర్రాడితో అమెరికా వెళ్ళిపోయింది, కనీసం దాని పని అది చేస్తోంది. మా తోటికోడలి మనవరాలు మాత్రం ఇవ్వనని ఖరాఖండిగా చెప్పింది. "అది కట్టుకున్నాకే నాకు సీటొచ్చింది నానమ్మా, మీరేమన్నా అనుకోండి." నేనేమీ అనుకోలేదు.

మొత్తానికి 11 వచ్చాయి.

వీటితో పాటు తోజీ సంతలో కొన్న దరుమ బొమ్మ సంగతి కూడా చెప్పాలి. గుండ్రంగా, ఎర్రగా, కాళ్ళూ చేతులూ లేకుండా ఉంటుంది. అది బోధిధర్ముడు అనే బౌద్ధ గురువు రూపం. ఆయన దక్షిణ భారతం నుంచి చైనాకు వెళ్ళినవాడని ఐతిహ్యం. దానికి రెండు కళ్ళూ ఖాళీగా ఉంటాయి. కోరిక కోరుకుని ఒక కన్ను దిద్దాలి, తీరాక రెండోది. చిలుకూరులో ముందు 11 ప్రదక్షిణలు చేసి, పని అయ్యాక 108 చేసే పద్ధతి లాంటిదే. కొలువు చూడ్డానికి వచ్చిన పిల్లాడొకడు పాపం గుడ్డి బొమ్మ అనుకుని స్కెచ్ పెన్నుతో రెండు కళ్ళూ పెట్టేశాడు. నా మోకాళ్ళ నొప్పి కోరిక అలా తీరినట్టే లెక్క. కోరిక తీరిన దరుమలను కూడా గుడికే తిరిగి ఇస్తారు.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇంకొకటుంది. పాతవి ఎక్కడ వేస్తారని అబ్బాయిని అడిగితే ఫోన్లో ఫోటో చూపించాడు. కోవెల ఆవరణలోనే ఒక పక్కగా చెక్క డబ్బా, మీద పెద్ద అక్షరాలు. ప్లాస్టిక్ తీసేసి వేయండని రాసుందట. అది చూడగానే నాకు మా వీధి చివరి వేపచెట్టు గుర్తొచ్చింది. మీ పాఠకుల్లో ప్రతి ఒక్కరి వీధిలోనూ అలాంటి చెట్టొకటి ఉండే ఉంటుంది. దాని మొదట్లో అద్దం పగిలిన వెంకటేశ్వర స్వామి, రంగు వెలిసిన లక్ష్మీదేవి, పాత క్యాలెండర్లు, దేవుడి బొమ్మ అచ్చేసిన పెళ్ళి కార్డులు. వానొస్తే అన్నీ బురదలో. చెత్తబండి అబ్బాయి "దేవుడి ఫోటోలు నేను ముట్టను మేడమ్" అంటాడు. అతన్ని తప్పు పట్టలేం.

ఈ తిరుగుడులో దారిలో కనపడ్డ గుళ్ళలోకి వెళ్ళి, ఇలాంటి పాత పటాలను ఏం చెయ్యాలని అడిగాను. నాలుగు గుళ్ళలో అడిగాను. ఒకచోట పంతులు గారు, "నీళ్ళలో కలిపెయ్యండమ్మా" అన్నారు. "ఏ నీళ్ళల్లోనండీ?" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి నవ్వేశారు. పెద్దాయన, మంచివారు. ఆయనే మళ్ళీ, "కాగితమైతే హోమం రోజున అగ్నికి ఇవ్వచ్చమ్మా. ఈ లామినేషన్లు, ఫైబర్ ఫ్రేములు వేస్తే కంపు, పొగ. అమ్మేవాళ్ళు ఆలోచించాలి కదా" అన్నారు. ఆ మాట నాకు పట్టుకుంది. గుడి మెట్ల దగ్గర దుకాణాల్లో నేను పొరపాటున కూడా కాగితం పటం చూసి చాలా ఏళ్ళైంది. అంతా ప్లాస్టిక్, వెనక లైటు. చేర్యాల పటం గుడ్డ మీద చింతగింజల జిగురు పూసి వేస్తారు, నిర్మల్ బొమ్మ పొణికి కర్ర. అగ్నికో మట్టికో ఇవ్వగలిగిన వస్తువులు మన దగ్గర లేకపోలేదు. వాటి కోసం శిల్పారామం దాకా వెళ్ళాలి, గుడి ముందు దొరకవు.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పనేం కాదు. నగరంలో పెద్ద గుళ్ళు ఆవరణలో మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టి, నెలకొక తేదీ, పౌర్ణమో ఏకాదశో, వాళ్ళిష్టం, ఆ రోజు పాత పటాలు, కంకణాలు, తోరాలు తీసుకుంటామని బోర్డు రాస్తే చాలు. ఫ్రేము, అద్దం ఇంట్లోనే విప్పి కాగితం మాత్రం తెమ్మని కూడా రాయాలి. ఏదైనా గుళ్ళో ఈ ఏర్పాటు ఇప్పటికే ఉంటే దయచేసి మీ పత్రికలో వెయ్యండి, మా వేపచెట్టు కిందివి నేనే ఆటోలో తీసుకెళ్తాను.

మీ వ్యాసం రాసినవారిని నొప్పించాలని కాదు. ఈసారి రాసేటప్పుడు తేదీలు, ఆ తిరిగి ఇచ్చే సంగతి రెండు వాక్యాల్లో చేర్చమని అడగండి. మా అబ్బాయి జనవరి 4న వెళ్తున్నాడు. దేవుడి గదిలో రెండు సంచులు సిద్ధంగా ఉన్నాయి, ఒకదాని మీద తోజీ అని, ఇంకోదాని మీద కితానో అని రాసిపెట్టాను. ఈ రెండు చోట్లవే ఎవరైనా కీచైన్లనుకుని తెచ్చుకుని ఉంటే మీ కార్యాలయంలో ఇచ్చి వెళ్ళమనండి. నేను వచ్చి తీసుకుంటాను. సూట్‌కేసులో ఇంకా చోటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పద్మారావునగర్, హైదరాబాద్